పాత పార్కర్ 51: ఏళ్ల తరబడి రాశాక పెన్ను గురించీ, అమ్మినవాళ్ల గురించీ, బాగుచేసినవాళ్ల గురించీ

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. నోట్స్, పేపర్లు దిద్దడం, ఉత్తరాలు, అన్నీ చేత్తోనే. చాలా ఏళ్లుగా ఈ పని మొత్తం ఒక పాత పార్కర్ 51 మీదే నడుస్తోంది, ఏరోమెట్రిక్ మోడల్, అంటే వెనక భాగం మరతిప్పి తీస్తే లోపల లోహపు గొట్టం, దానికి నొక్కే పట్టీ ఉండే రకం. పెన్ను గురించి ఒక్క మాటలో చెప్పాలంటే ఇంత నికరంగా రాసే ఇంకు పెన్ను నా చేతికి ఇంకోటి రాలేదు. పాళీ మొత్తం ముసుగులో ఉండి కొన మాత్రమే బయటికి కనిపిస్తుంది కాబట్టి తొందరగా ఆరదు, మూత తీసి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చినా మొదటి అక్షరమే తడబడకుండా పడుతుంది. ఈ పెన్ను 1941లో మార్కెట్లోకి వచ్చింది, ఏరోమెట్రిక్ రకం 1948 నుంచి. కాగితం మీద తొందరగా ఆరిపోయే ఘాటైన క్షార ఇంకు కోసం తయారుచేశారు కాబట్టి దాన్ని తట్టుకోడానికి ఒంటికి లూసైట్ అనే గట్టి ప్లాస్టిక్ వాడారు. లోపలి ఇంకు సంచి రబ్బరు కాదు, ప్లిగ్లాస్ అని ఒక రకం ప్లాస్టిక్, దశాబ్దాలు దాటినా మెత్తగానే ఉంటుంది. నా పెన్నులో ఉన్నది ఇప్పటికీ ఫ్యాక్టరీలో పెట్టిన సంచే.

కానీ కొనాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది పెన్ను సంగతి కాదు, మనుషుల సంగతి. పాత పెన్ను బాగుంటుందా లేదా అన్నది సగం ఎవరు అమ్మారన్న దాని మీద, మిగతా సగం దాన్ని ఎవరు విప్పారన్న దాని మీద ఉంటుంది.

నాకు ఈ పెన్ను కంటే ముందు ఇంకో 51 వచ్చింది, ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర. "ఫుల్లీ సర్వీస్డ్, రెడీ టు రైట్" అని పెట్టాడు, ఫొటోల్లో తళతళలాడుతోంది. ఇంటికొచ్చాక గ్లాసులో నీళ్లు పోసి ముంచి, పట్టీ ఎన్నిసార్లు నొక్కాలో గొట్టం మీదే అచ్చేసి ఉంటుంది కదా, అన్నిసార్లూ నొక్కి, తిరిగి ఖాళీ చేస్తే నాలుగు చుక్కలు పడ్డాయి. సంచి బాగానే ఉంది, మరి నీళ్లెందుకు ఎక్కలేదంటే లోపల బ్రీదర్ ట్యూబ్ అని సన్నటి గొట్టం ఒకటుంటుంది, అది విరిగినా, ఎండిన ఇంకుతో మూసుకుపోయినా సంచి నిండదు. ఆయన్ని అడిగితే "నేను పంపేముందు రాసింది సార్" అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. పాళీ ఇంకులో ముంచి గీస్తే ఏ పెన్నయినా రాస్తుంది. సర్వీస్ అంటే ఆయన లెక్కలో పైన పాలిష్ పెట్టడం.

అప్పట్నుంచి ఎవరినైనా సరే "సర్వీస్ చేశారా" అని అడగను, "ఏం చేశారు" అని అడుగుతాను. ముసుగు విప్పి లోపల కడిగారా, నీళ్లు నింపి చూశారా, సంచి పాతదా కొత్తదా. తెలిసినవాడు అప్పటికప్పుడు చెప్తాడు, దాటేసేవాడు "కండిషన్ సూపర్ సార్" అంటాడు. తర్వాత పాళీ కొనని పక్క నుంచి దగ్గరగా ఫొటో అడుగుతాను. బంగారు పాళీ మెత్తన, రాసేది నిజానికి దాని కొసన అతికించిన గట్టి లోహపు గుండు. పక్క నుంచి చూస్తే ఆ గుండు కనబడాలి, రెండు రెక్కల మీదా సమానంగా ఉండాలి. అరిగి చదునైపోయినా, ఒక రెక్కకి ఊడిపోయినా ఆ పెన్ను జోలికి పోవద్దు, కొత్త గుండు అతికించే పని చేసేవాళ్లు చాలా తక్కువ, ఖర్చు పెన్ను ధరని దాటిపోవచ్చు. ఈ ఒక్క ఫొటో పంపడానికి నసిగేవాళ్ల దగ్గర నేను కొనను. ఇంకో సంగతి, అదే కంపెనీ చవక రకం పార్కర్ 21ని 51 అని అంటగట్టేవాళ్లున్నారు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ 21 పాళీ బంగారం కాదు, ఒంటి ప్లాస్టిక్ పగుళ్లకి పెట్టింది పేరు. మన దగ్గర అందరూ వాడిన చైనా పెన్ను హీరో 616 కూడా ఆ పోలికే. దానికి దాని ధర పెడితే తప్పేం లేదు, 51 ధర చెబితేనే గొడవ.

ఇప్పుడు వాడుతున్నది కోయంబత్తూరు వైపు ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ కుటుంబం, ఇంట్లో తెలుగే. నేను ఫొటో చూసి ముచ్చటపడి అడిగింది బుర్గండీ రంగుది. ఆయన ఫోన్ చేసి, "అది మీకొద్దు నాయనా, ముసుగు అంచున వెంట్రుకంత పగులుంది, ఫొటోలో పడలేదు, చూసి పెట్టుకునేవాళ్లకి ఇస్తాను. మీరు రాసే మనిషి కాబట్టి ఆ నల్లది తీసుకోండి, మూత మీద గీతలున్నాయి గానీ పాళీ దివ్యంగా ఉంది" అన్నారు. నల్లదాని ధర తక్కువ కూడా. వచ్చాక చూస్తే గీతలు ఆయన చెప్పినచోటే ఉన్నాయి, పాళీ ఆయన చెప్పినట్టే ఉంది. ఆ తర్వాత నా స్నేహితులకి కొనిపెట్టిన పెన్నులన్నీ ఆయన దగ్గరే. లోపం తనంతట తాను చెప్పే వ్యాపారిని చూస్తే నాకు ఇంకే రేటింగులూ అక్కర్లేదు.

ఇక రిపేరు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే చెడ్డ వ్యాపారి వల్ల డబ్బే పోతుంది, చెడ్డ రిపేరు వల్ల పెన్ను పోతుంది. మా ఊరి దగ్గర ఒక కొట్లో, పేరెందుకులెండి, మా నాన్నగారి షేఫర్ లివర్ ఫిల్లర్‌కి, అంటే పక్కనున్న మీట ఎత్తి ఇంకు నింపే పెన్నుకి, సంచి మార్చమని ఇస్తే గంటలో ఇచ్చేశారు. నాకూ సంతోషమే. కొన్నాళ్లకి కారడం మొదలైంది, ఇంకోచోటికి తీసుకెళ్తే తెలిసింది ఏమిటంటే సంచినీ, ముందు పట్టునీ, ఒంటినీ కలిపి సూపర్ గ్లూతో అతికించేశారు. పాత పెన్నుల్లో సంచిని అతికించడానికి వాడేది షెల్లాక్, అంటే వడ్రంగులు పాలిష్‌కి వాడే లక్క. అది వేడికి మెత్తబడుతుంది, రేపు ఇంకొకరు విప్పుకోవచ్చు. సూపర్ గ్లూ వేస్తే ఇక విప్పేటప్పుడు విరిగేది పెన్నే. అలాగే 1948కి ముందు 51లు వాక్యుమాటిక్ రకం, వాటి వెనక చిన్న మూత కింద ఇంకు నింపే ఫిల్లర్ ఉంటుంది, దాన్ని తీయడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉంది. అది లేనివాళ్లు కటింగ్ ప్లేయర్ పెట్టి తిప్పేస్తారు, మరల మీద పళ్ల గాట్లు పడిపోతాయి. కొనేటప్పుడు ఆ చిన్న మూత తీసి ఫొటో అడిగితే ఆ గాట్లే చెప్తాయి ఇంతకుముందు ఎవరి చేతుల్లో పడిందో.

నా 51 లోపల కడగాల్సి వచ్చినప్పుడు విజయవాడలో ఒకాయన పక్కన కూర్చుని చూశాను. ముసుగుకి హెయిర్ డ్రయ్యర్ గాలి కాసేపు చూపించడం, తీసి చెంపకి ఆనించుకోవడం, రబ్బరు ముక్క చుట్టి మెల్లగా తిప్పి చూడటం. రాలేదు. కింద పెట్టేశాడు. మళ్లీ వేడి, మళ్లీ చెంప, మళ్లీ తిప్పడం. ఎక్కడా బలం పెట్టలేదు. చివరికి చిన్నగా కదిలింది. లోపల కలెక్టర్ అని సన్నటి రేకలు రేకలుగా ఉండే భాగం ఉంటుంది, ఆ రేకల మధ్య ఎండిన నీలం ఇంకు పొక్కులు పొక్కులుగా ఉంది, మెత్తటి బ్రష్షుతో మామూలు నీళ్లలో కడుగుతుంటే గిన్నె మీద గిన్నె నీలంగా మారింది, నీళ్లు తేటపడేదాకా ఆపలేదు. తిరిగి బిగించేటప్పుడు ముసుగు కొన పాళీకి సరిగ్గా నడిమికి వచ్చిందా అని భూతద్దంలో చూసి, మరలకి షెల్లాక్ కొంచెం రాసి, "రేపు రండి, ఆరాలి" అన్నాడు. నాకు నమ్మకం కుదిరింది ఆ "రేపు రండి" దగ్గరే. మర్నాడు నీళ్లు నింపి నా చేతికే ఇచ్చి నొక్కమన్నాడు.

కొత్త మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు నేను రెండు మాటలు కదిపి చూస్తాను. ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్నుని నీళ్లలో నానబెట్టొచ్చా అని, సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్‌కి వేడి చూపించొచ్చా అని. పాత ఎబొనైట్ నీళ్లలో నానితే నలుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది, సెల్యులాయిడ్ కర్పూరం కలిపి చేసేది, మంట తగిలితే భగ్గుమంటుంది. ఈ రెండూ తెలిసినవాడికి పెన్ను ఇవ్వొచ్చు. తీసేసిన పాత భాగాలు కూడా అడక్కుండానే కవర్లో వేసి ఇస్తే ఇంకా మంచిది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ ఉంది, 1928 నాటి కొట్టు, పాళీ కాగితం మీద పెట్టి రాసి చూసుకుని కొనొచ్చు, అది ఆన్‌లైన్‌లో దొరకని సుఖం. అమెరికాలో మనవాళ్లు ఎవరైనా ఉంటే వాషింగ్టన్ డీసీ దగ్గర ఏటా పెన్ షో జరుగుతుంది, అక్కడ బల్ల మీదే పాళీ ముంచి రాసి చూడనిస్తారు. ఇక సంచులూ ట్యూబులూ ఇదంతా టెన్షన్ అనుకుంటే రాజమండ్రి రత్నం ఎబొనైట్ పెన్ను తీసుకోండి. 1935లో గాంధీగారు విదేశీ పెన్నుకి ఇది మంచి ప్రత్యామ్నాయమని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది ఈ రత్నం వారికే. డ్రాపర్‌తో ఇంకు పోసుకునే రకమైతే లోపల సంచే ఉండదు, చెడిపోవడానికేమీ లేదు.

51లో నాకు నచ్చనిది ఒకటే, పాళీ ఒత్తితే వంగదు, అక్షరానికి లావు సన్నాలు రావు. మూత లోపలి పట్టు ఈమధ్య వదులైంది, విజయవాడకే పంపిస్తున్నాను. పంపేటప్పుడు ఇంకు పూర్తిగా ఖాళీ చేసి, రెండుసార్లు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డలో చుట్టి పీవీసీ పైపు ముక్కలో పెట్టి రెండు వైపులా మూసేస్తాను. అట్టపెట్టె మీద ఎవరు కాలేసినా లోపల పెన్నుకి ఏమీ కాదు. పోస్టు చేసేముందు పెన్ను అన్ని వైపులా ఫొటోలు తీసి ఆయనకి వాట్సాప్‌లో పెడతాను, ఆయనా విప్పేముందు తీసి నాకు పెడతాడు.