తెలుగు పేర్లు చెడకుండా లెక్క తేల్చే పైథాన్ లైబ్రరీలు: మిల్లు పనిలో ఏళ్ళ తరబడి వాడాక

పాలకొల్లు, ఆచంట, పెనుగొండ వైపు రైస్ మిల్లులకీ ధాన్యం కమీషన్ కొట్లకీ లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టడం నా పని. సార్వా అయినా దాళ్వా అయినా కోతలు మొదలైతే అంతా ఒక్కసారే మీద పడుతుంది, కాటా దగ్గర బళ్ళు బారులు తీరి ఉంటాయి, గుమస్తా కొట్టిన ఎక్సెల్ షీటులోంచి ఏ రైతువి ఎన్ని బస్తాలు, ఎంత డబ్బు అన్నది సాయంత్రానికల్లా తేలిపోవాలి. అందుకే ఏ లైబ్రరీ (మన ప్రోగ్రాములో కలుపుకునే రెడీమేడ్ కోడు) మంచిదని ఎవరైనా అడిగితే వేగం సంగతి తర్వాత చెబుతాను. తెలుగులో ఇచ్చిన రైతు పేరు తెలుగులోనే చెక్కుచెదరకుండా బయటికి వస్తోందా అన్నది నా మొదటి పరీక్ష. పేరు చెడితే ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో కూర్చుంటుంది మరి.

పట్టికల లెక్కలు చూసే పాండాస్ లేకుండా ఈ పని నేను ఊహించుకోలేను. 2008లో వెస్ మెకిన్నీ ఏక్యూఆర్ అనే పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ మొదలుపెట్టింది మన ధాన్యం లెక్కకి ఇంత బాగా కుదిరింది. ఊరివారీగా స్వర్ణ రకం ఎంత, 1121 రకం ఎంత అన్నది గుంపులవారీగా కూడే ఒక్క గ్రూప్‌బైతో వచ్చేస్తుంది. కాకపోతే దానికి సొంతంగా ఊహించుకునే అలవాటుంది. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) చదివేటప్పుడే ఆ సున్నా ఎగిరిపోతుంది, బస్తాల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే 42 కాస్తా 42.0 అవుతుంది. నంబర్లన్నిటినీ ముందు టెక్స్ట్‌గా చదివించి, లెక్క కట్టేవాటిని మాత్రమే అంకెలుగా మార్చుకోండి. తేదీల్లో 03/04 అంటే మార్చి 4 అనుకుంటుంది, రోజే ముందని చెప్పే డేఫస్ట్ పెట్టి తీరాలి. పాత వెర్షన్లయితే అదే కాలమ్‌లో 13/04 వచ్చేసరికి దాన్ని మాత్రం ఏప్రిల్ 13 అనుకునేవి. 2023లో వచ్చిన 2.0 నుంచి మొదటి తేదీ ఏ పద్ధతిలో ఉందో మిగతావీ అలాగే ఉండాలంటుంది, లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. చాలామంది ఆ ఎర్రర్‌ని తిట్టుకుంటారు గానీ నాకు మాత్రం ఆ ఒక్క మార్పు కోసమే 2.0 ఎంతో నచ్చింది.

అసలు గొడవ పేర్లు శుభ్రం చేసే దగ్గర. చుక్కలూ కామాలూ తీసేయడానికి అందరూ వాడే చిట్కా ఒకటుంది, అక్షరమూ కాక, ఖాళీ కూడా కానిదాన్ని తీసెయ్ అని. పైథాన్‌తో పాటు వచ్చే రీ మాడ్యూల్‌కి మన గుణింతం గుర్తులు, పొల్లు అక్షరాల కిందికి రావు. 'గోదావరి' ఇస్తే 'గదవర' మిగులుతుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు, పేరు మాత్రం పోతుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిన లోపమే, 2011లోనే పైథాన్ వాళ్ళకి ఫిర్యాదు వెళ్ళింది. దీనికి రెజెక్స్ అని విడిగా ఒక లైబ్రరీ ఉంది, రీ బదులు దాన్ని ఇంపోర్ట్ చేస్తే గుణింతాలు బతుకుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. మామూలుగా 'గోదావరి' పొడవు అడిగితే పైథాన్ 7 అంటుంది, రెజెక్స్‌లో పెద్ద ఎక్స్ గుర్తుతో లెక్కపెడితే మనం చదివినట్టే 4 వస్తుంది. కాటా చీటీలో పేరు గడికి పట్టకపోతే కత్తిరించేటప్పుడు గుడి ఒకచోట, అక్షరం ఇంకోచోట పడకుండా ఇదే కాపాడుతుంది. తెలుగుతో పనిచేసేవాళ్ళు మిగతా ఏది పెట్టుకున్నా మానినా దీన్ని పెట్టుకోవాల్సిందే.

దాని పక్కన, రకరకాలుగా రాసిన అక్షరాల్ని ఒకే పద్ధతికి తెచ్చే యూనికోడ్‌డేటా, ఇది పైథాన్‌లోనే ఉంది. కైకరం, కైకలూరు లాంటి పేర్లలో ఐత్వాన్ని కొన్ని కీబోర్డులు ఒకే గుర్తుగా, కొన్ని రెండు ముక్కలుగా రాస్తాయి. కంటికి తేడా కనపడదు, పాండాస్ మాత్రం ఒకే ఊరిని రెండు ఊళ్ళుగా లెక్క కడుతుంది. విడి ముక్కల్ని ఒకే గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతికి మారిస్తే రెండూ ఒకటవుతాయి. పొల్లు తర్వాత కనపడకుండా కూర్చుని, పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు దీనికి లొంగదు, పేర్లు పోల్చే ముందు దాన్ని విడిగా తీసేయాలి.

వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్రావు ఒకరేనా అని పట్టుకోవడానికి రాపిడ్‌ఫజ్. ఇంతకుముందు అందరూ వాడిన ఫజీవజ్జీ పోల్చే ముందే పేరుని పైన చెప్పిన పద్ధతిలోనే శుభ్రం చేసేది, అంటే మన గుణింతాలన్నీ తీసేసి పోల్చేది. రాపిడ్‌ఫజ్ 3.0 నుంచి అలాంటి శుభ్రం తనంతట తాను చేయదు, పైగా చాలా వేగం. ఇంటిపేరు ముందు రాసినా వెనక రాసినా మాటల్ని వరసలో పెట్టి పోల్చే టోకెన్ సార్ట్ పద్ధతి పట్టేస్తుంది. అయినా రెండు ఖాతాలు కలిపే పని మాత్రం ప్రోగ్రాముకి వదలకండి. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురుంటారు. దగ్గర దగ్గరగా ఉన్న జతల్ని తండ్రి పేరుతో సహా గుమస్తాకి చూపిస్తాను, కలపాలో వద్దో ఆయనే చెబుతాడు.

చివరికి పీడీఎఫ్. పీడీఎఫ్‌లు తయారుచేసే రిపోర్ట్‌ల్యాబ్‌ని నేను వాడినప్పుడు ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడేవి, రైతు చేతికి ఇవ్వదగ్గ కాగితం కాదది. వీజీప్రింట్‌లో హెచ్‌టీఎంఎల్ రాసిస్తే అక్షరాలు పేర్చే ప్యాంగో సాయంతో తెలుగు చక్కగా కూర్చుకుంటుంది, అందంలో నా ఓటు దానికే. విండోస్‌లో ఆ ప్యాంగోని ఎక్కించడమే పెద్ద టెన్షన్, మిల్లు ఆఫీసు పాత కంప్యూటర్లో ఆ తంటా పడలేం. అక్కడ ఎఫ్‌పీడీఎఫ్2, తోడుగా యూహార్ఫ్‌బజ్ పెట్టి టెక్స్ట్ షేపింగ్ (ఒత్తుల్ని, గుణింతాల్ని సరైన చోట కూర్చడం) ఆన్ చేస్తే 'పెనుమంట్ర' ఒత్తు సరిగ్గా పడుతుంది, కాటా చీటీలకి అది చాలు. ఫాంటు మాత్రం యూనికోడ్‌దే ఇవ్వండి, డీటీపీ షాపుల పాత అను ఫాంట్లు దీనికి పనికిరావు.