ఉప్పు గాలికి నిలిచే పంప్ తుపాకీ ఏది?

జనవరిలో అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ ఖాతం అంచునున్న చిత్తడి నేలల్లోకి బాతుల వేటకు దిగేవారి తుపాకీ ఒక్క పూటలో పడే కష్టం, పొడి నేలమీద కుందేళ్ల వేటకు వెళ్లే తుపాకీ ఏడాదంతా పడదు. పడవ అడుగున నిలిచిన ఉప్పునీరు, రెల్లు మీద నుంచి రాలే మంచు, మోకాళ్ల దాకా దిగబడే బురద, తడిసిన చేతితొడుగులు, వీటన్నిటి మధ్య అది తెల్లవారకముందే పని మొదలుపెట్టాలి. నేను బందరు దగ్గర సముద్రపు గాలి తగిలే ఊళ్లో పెరిగాను. కిటికీ చువ్వలూ సైకిలు గొలుసులూ అక్కడ ఎంత త్వరగా తుప్పు పడతాయో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి కాబట్టి, మేరీలాండ్‌లో స్థిరపడి వేట నేర్చుకున్న తరువాత తుపాకీ ఎంపికలో నేను మొదట అడిగే ప్రశ్న అది ఎంత బాగా పేలుతుందని కాదు, అందులో ఏ భాగం ముందుగా తుప్పు పడుతుందని.

ఆ ప్రశ్న అడగడం నాకు నా మొదటి తుపాకీ నేర్పింది. నల్లపూత వేసిన గొట్టం, భుజానికి ఆనించే వాల్‌నట్ చెక్క మడమ చూసి ముచ్చటపడి కొన్నాను. ప్రతి వేట తరువాతా గొట్టాన్ని పైన తుడిచేవాణ్ణి, నూనె రాసేవాణ్ణి. రెండో శీతకాలం మధ్యలో తూటాలు ముందుకు రావడం తడబడితే మొత్తం విప్పి చూశాను. పైకి మచ్చ లేదు గాని, తూటాల గొట్టంలోని స్ప్రింగు ఎర్రబారి ఉంది, మీట (ట్రిగర్) భాగాన్ని పట్టి ఉంచే పిన్నులు బిగుసుకుపోయాయి, చెక్క మడమ కింద లోహం గుంటలు పడింది. చెక్క తడిని పీల్చి లోహానికి అదిమి ఉంచుతుందన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. కంటికి కనిపించే గొట్టానికి మనం ఎలాగూ నూనె రాస్తాం. తుపాకీ ఆయుష్షును నిర్ణయించేవి చేతికి అందని ఆ చిన్న భాగాలే.

ఇటువంటి చోటికి పంప్ తుపాకీయే ఎందుకంటే, దాన్ని నడిపేది మన చేయి. తనంతట తాను తూటా మార్చుకునే తుపాకీ పేలుడు వాయువు మీదో, వెనుదన్ను బలం మీదో ఆధారపడుతుంది. చలికి నూనె చిక్కబడినా, లోపల మసి పేరుకున్నా దాని నడక మందగించవచ్చు. పంప్‌లో ముందుపట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది గొట్టం మొదట్లో తూటా పేలే అరలోకి చేరుతుంది. కాస్త బిగుసుకున్నా ఇంకొంచెం బలంగా లాగితే సరిపోతుంది. ఎన్ని తూటాలు పడతాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వలస నీటిపక్షుల వేటలో తుపాకీ మూడు తూటాలకు మించి పట్టకూడదన్న సమాఖ్య నియమం 1935 నుంచీ ఉంది, అందుకే తూటాల గొట్టంలో అడ్డుకట్టె పెట్టుకుంటాం.

రెమింగ్టన్ 870 ని పక్కన పెట్టి ఈ విషయం మాట్లాడలేం. 1950లో వచ్చిన ఈ నమూనా కోటికి పైగా తయారైంది. దీని రిసీవర్, అంటే లోపలి యంత్రాంగాన్ని మోసే నడిమి పెట్టె, ఉక్కు దిమ్మ నుంచి చెక్కినది. ముందుపట్టును బోల్టుతో, అంటే అరను వెనుక నుంచి మూసే భాగంతో, కలిపే కడ్డీలు రెండు ఉండడం వల్ల లాగినప్పుడు పక్కకు ఒరగదు. విడిభాగాలు ఏ మూల ఊళ్లోనైనా దొరుకుతాయి. నదులు, మంచినీటి చెరువుల వేటకు నేను దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఉప్పునీటి విషయంలో మాత్రం ఉక్కు ఉక్కే. దాని మన్నిక పైపూత మీదే ఆధారపడుతుంది కాబట్టి, చవక రకం మామూలు పూతతో కొనేకంటే నికెల్ పూతదో, సిరామిక్ పూత వేయించినదో తీసుకోవడం మేలు.

మాస్‌బర్గ్ 500 దారి వేరు. దీని రిసీవర్ అల్యూమినియం మిశ్రలోహం కాబట్టి ఉక్కులా తుప్పు పట్టదు. అల్యూమినియం అంత ఒత్తిడికి ఆగుతుందా అని కొందరు సందేహిస్తారు గాని, బోల్టు బిగిసేది గొట్టానికి చెందిన ఉక్కు భాగంలోకే. పేలుడు ఒత్తిడిని మోసేది ఆ ఉక్కే. దీనిలో నాకు బాగా నచ్చినది, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఉన్న చోటు. రిసీవర్ వెనుక, పైభాగాన, బొటనవేలి కిందే ఉంటుంది కాబట్టి మందపాటి తొడుగులోంచి కూడా తెలుస్తుంది, ఎడమచేతి వాటం వారికీ సమానంగా అందుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకునే వారికి, అందులోనూ ఎడమచేతి వాటం వారికి, నా మొదటి సలహా ఇదే.

చివరికి నేను నిలిచింది బెనెల్లీ నోవా దగ్గర. ఇటలీలోని ఉర్బీనోకు చెందిన ఈ సంస్థ రిసీవర్‌నూ మడమనూ ఒకే ముక్కగా, లోపల ఉక్కు చట్రం, దాని మీద గట్టి పాలిమర్ తొడుగుగా పోత పోసింది. నా పాత తుపాకీ గుంటలు పడిన అతుకు ఇందులో అసలు లేనే లేదు. బోల్టు తల తిరిగి గొట్టంలోకి బిగుస్తుంది. ముందుపట్టు కింద ఉన్న బొత్తాన్ని నొక్కిపట్టి లాగితే, తూటాల గొట్టంలోంచి కొత్తది రాకుండా అరలోని తూటాను మాత్రమే మార్చుకోవచ్చు. బాతుల కోసం కూర్చున్నప్పుడు పెద్దబాతులు (గీస్) వచ్చి, వాటికి తగిన తూటాకు మారాల్సి వస్తే ఈ వెసులుబాటు విలువ తెలుస్తుంది. తూటాల గొట్టం మూత కొనతోనే మీట భాగపు పిన్నులను తోసి తీయవచ్చు, అంటే పడవలో కూర్చుని కూడా విప్పగలం. రెండు శీతకాలాలు ఉప్పునీటిలో వాడాక విప్పి చూస్తే లోపల చెప్పుకోదగ్గ తుప్పు కనిపించలేదు.

అయితే దీని బరువు దాదాపు 8 పౌండ్లు, అంటే 3.6 కిలోలు, బురదలో మైలు నడిచేవారికి అది తక్కువ కాదు. ఒకే ముక్క కావడంతో మడమ పొడవును శరీరానికి తగ్గట్టు సరిచేయించుకోవడం కష్టం, కాబట్టి పొట్టిచేతుల వారు దుకాణంలో చలికోటు వేసుకునే భుజానికి ఆనించి చూడాలి. గొట్టం మాత్రం ఇందులోనూ ఉక్కే, తుడవక తప్పదు.

ఈ మూడింటిలో ఏది కొన్నా 12 గేజ్ (గొట్టం లావు కొలత), 3 అంగుళాల తూటా పట్టే అర చాలు. నోవాలో 3½ అంగుళాల తూటాలూ పడతాయి గాని, వాటి దెబ్బకు భుజం అదిరి రెండో గురి తప్పడమే ఎక్కువ. 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో, తూటా లోపల నింపే చిన్న గుళ్లు సీసపువి కావడం నిషిద్ధం. ఉక్కు గుళ్లు సీసం కంటే తేలిక కాబట్టి రెండు సైజులు పెద్దవి వాడాలి. అవి సీసంలా నలగవు కనుక, గొట్టం కొసను ఇరుకు చేసే చోక్ బాగా బిగువైనది పెట్టకూడదు.

ఇక్కడి మనవాళ్ల కోసం ఒక ముఖ్యమైన మాట. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం సాధారణంగా సమాఖ్య నేరం; చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయవద్దు.

వేట నుంచి రాగానే తుపాకీని ఖాళీ చేసి, చలిలోంచి నేరుగా వెచ్చని గదిలో బీరువాలో పెట్టి తలుపు వేయకండి. చల్లని లోహం మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. గది వేడికి రానిచ్చి, విప్పి, ఉప్పు పోయేలా మంచినీటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పలుచగా నూనె రాయండి. తూటాల గొట్టంలోని స్ప్రింగును మాత్రం ప్రతిసారీ బయటికి తీసి ఆరబెట్టండి.