రెండుసార్లు “ఇప్పుడే అమ్మం” అన్న షాపు

ఈ అక్వేరియం షాపుకి నేను మొదటిసారి వెళ్ళింది అనెమోనీ, అంటే పువ్వులా కనిపించే సముద్రపు జంతువు, కొనడానికే. ఇంట్లో 40 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం), అందులో అనెమోనీల్లో కాపురముండే క్లౌన్ ఫిష్‌లు రెండు ఉన్నాయి. వాటికి అనెమోనీ ఎప్పుడు తెస్తావని మా పాప రోజూ అడిగేది. నచ్చినదాన్ని చూపించి ప్యాక్ చేయమన్నాను. కౌంటర్లో ఉన్నాయన “ట్యాంకు పెట్టి ఎన్నాళ్ళయింది?” అని అడిగారు. మూడు నెలలన్నాను. “అయితే ఇప్పుడే అమ్మం, ఆరు నెలలు దాటాక రండి” అన్నారు. ఆరున్నర నెలలకి మళ్ళీ వెళ్తే నీళ్ళు పరీక్ష చేసి మళ్ళీ వెనక్కి పంపారు. మూడోసారి ఇచ్చారు. అది మా ఇంటికొచ్చి ఈ నెలకి పదకొండు నెలలైంది. ఇక్కడ టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లానో వైపు రీఫ్ ట్యాంకులు పెట్టుకున్న తెలుగువాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్ళు అడిగారనే తెలుగులో రాస్తున్నాను.

వెనక్కి పంపడాన్ని ఎందుకింత గొప్పగా చెబుతున్నానో తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఇంకోచోట, పేరు అనవసరం, ఒక అనెమోనీ కొన్నాను. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆ తెలుపు చూసే ముచ్చటపడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు, సంచిలో పెట్టి ఇచ్చేశారు. తొమ్మిదో రోజు రాత్రి అది చనిపోయింది. తెల్లారి లేచేసరికి నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి, గదంతా కుళ్ళు వాసన, క్లౌన్ ఫిష్ ఒకటి, గోబీ చేప ఒకటి అడుగున పడి ఉన్నాయి. పాప ఆ రోజు స్కూలుకి వెళ్ళలేదు. ఆ ట్యాంకు తీసేశాం.

ఆ తెలుపు ఆకలి గుర్తని నాకు ఈ షాపులోనే తెలిసింది. అనెమోనీ చూడటానికి పువ్వులా ఉన్నా జెల్లీ ఫిష్‌కీ పగడానికీ దగ్గర చుట్టమైన జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు బతుకుతుంది. ఆ నాచు వెలుతురుతో తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం అనెమోనీకే అందుతుంది. ఆరోగ్యంగా ఉన్నది గోధుమరంగులోనో, ఆకుపచ్చగానో, గులాబీ ఎరుపులోనో ఉంటుంది. నాచు పోతే తెల్లబడి లోపల్లోపలే పస్తుంటుంది. ఈ షాపులో తెల్లబడ్డవాటిని వెనక వేరే ట్యాంకులో పెట్టి కోలుకునేదాకా మేపుతారు. అమ్మకానికి పెట్టరు. నేను కళ్ళారా చూశాను.

రెండోసారి ఎందుకు పంపారంటే, నీళ్ళలో ఉప్పు తక్కువని. ఉప్పు కొలిచే మా రిఫ్రాక్టోమీటర్ 1.025 చూపిస్తోంది, అదే నీళ్ళు వాళ్ళ మీటర్లో 1.022 వచ్చాయి. నా మీటర్ తప్పు. నేను దాన్ని ఎప్పుడూ మంచినీళ్ళతోనే సున్నాకి సరిచేసేదాన్ని. షాపాయన 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళ ఉప్పు) ద్రావణం ఒక చుక్క వేసి, చిన్న స్క్రూ తిప్పి, అక్కడే సరిచేసి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. ఉప్పుని ఒక్కరోజులో పెంచొద్దు, ఆవిరైన నీటికి బదులు రోజూ కొంచెం ఉప్పునీళ్ళు పోస్తూ వారం పదిరోజుల్లో 1.026కి తెచ్చుకోమన్నారు.

అప్పటికి మా అమ్మానాన్నలు భీమవరం నుంచి వచ్చి ఉన్నారు. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో సెలినిటీ (నీళ్ళలో ఉప్పు), అమ్మోనియా, ఆక్సిజన్ అనే మాటలు పప్పు, చారు అన్నంత మామూలుగా వినపడేవి. ఇంటికొచ్చి సంగతి చెబితే నాన్న, “ఏమ్మా, సెలినిటీ చూసుకోకుండా చెరువులో సీడ్ వదులుతామా?” అన్నారు. సీడ్ అంటే రొయ్య పిల్లలు. కోపంగా అనలేదు, నిజంగా ఆశ్చర్యపోయి అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం కాఫీ తాగాక టెస్టులు చేసి నోటుబుక్కులో రాసే పని ఆయనే తీసుకున్నారు.

షాపు వాళ్ళ దగ్గర అద్దెకిచ్చే పార్ మీటర్ గురించి కూడా చెప్పాలి. నీళ్ళలో ఎక్కడ ఎంత వెలుతురు పడుతుందో కొలిచే సాధనం అది. కొనాలంటే వందల డాలర్లు. శని, ఆదివారాలకి 40 డాలర్లు తీసుకుని ఇచ్చారు, డిపాజిట్ వేరే. నేను సెన్సర్ పెడుతుంటే నాన్న అంకెలు రాశారు. అనెమోనీ పెడదామనుకున్న మూల 90 మాత్రమే వచ్చింది. ఎడమవైపు రాయి అంచు దగ్గర 220. మా ఎల్‌ఈడీ దీపం అంతటా ఒకేలా పడుతుందనుకుని ఇన్నాళ్ళూ ఉన్నాం. ఆ 40 డాలర్లు ఈ షాపులో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ సార్థకమైనది.

మూడోసారి జులైలో. బయట వంద డిగ్రీల పైన ఎండ, కూలర్ తెచ్చుకోమని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు. నేను ఎంచుకున్నది బబుల్ టిప్ రకం, శాస్త్రీయంగా ఎంటక్మియా క్వాడ్రికలర్ అంటారు. సముద్రంలోంచి తీసింది కాదు, వాళ్ళ పెద్ద ట్యాంకులోని తల్లి చీలితే వచ్చిన పిల్ల. చీలిన చోట మానేదాకా, తిండి తినేదాకా అమ్మరు. నా ఎదురుగానే చిన్న మైసిస్ రొయ్య ముక్క అందించారు. వేళ్ళలాంటి స్పర్శకాలు వెంటనే ముక్కని పట్టుకుని నోటికి చేర్చాయి. నోరు గట్టిగా మూసుకుని ఉందో లేదో, రాతికి అంటుకునే పాదం ఎక్కడైనా చిరిగిందో లేదో నన్నే దగ్గరగా చూసుకోమన్నారు. పాదాన్ని రాతి మీద నుంచి పీకితే చిరుగుతుంది, చిరిగితే బతకడం కష్టం. అందుకని గుప్పెడంత రాయికి అంటుకోనిచ్చి, ఆ రాయితో సహా అమ్ముతారు. 110 డాలర్లు. ఇంకోచోట నేను కొన్న తెల్లది 45 మాత్రమే.

ఇంటికి తెచ్చాక ట్యాంకు లైట్లు ఆపి, సంచిని ఇరవై నిమిషాలు నీళ్ళ మీద తేలనిచ్చాం. తరవాత బకెట్లోకి మార్చి, సన్నని గాలి గొట్టానికి ముడివేసి, సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున మా నీళ్ళు పడేలా పెట్టాం. సుమారు ముప్పావుగంటకి బకెట్లో నీళ్ళు రెట్టింపయ్యాయి. నాన్న స్టూలు వేసుకుని కదలకుండా కూర్చున్నారు. మా ఊళ్ళో ఎండ తగ్గాక సీడ్ సంచుల్ని చెరువు మీద తేలేసి, మూతి విప్పి, చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపేవారు. నాన్నతోపాటు గట్టు మీద ఆ పని చూస్తూ చాలా సాయంత్రాలు గడిపాను. ఇక్కడ టెక్సాస్‌లో మా హాల్లో ఆయన అదే చేస్తుంటే నాకు మాట రాలేదు. సంచిలో నీళ్ళు మాత్రం ట్యాంకులో పోయొద్దన్నారు, పారబోశాం.

ట్యాంకులో పెట్టేటప్పుడు వేవ్‌మేకర్లు (నీళ్ళని కదిలించే మోటార్లు) అరగంట ఆపమన్నారు. రాయిని రెండు పెద్దరాళ్ళ సందులో, పాదానికి నీడ, పైన వెలుతురు ఉండేలా ఇరికించాను. లైట్లు మొదటివారం సగానికి తగ్గించి, తరవాత రెండు వారాల్లో మెల్లగా పెంచాం.

ఇక అసలు టెన్షన్ ఆ తరవాతే. రెండో రాత్రి అది రాయి వదిలేసి నడిచింది. పొద్దున్నే వెనక అద్దానికి అంటుకుని ఉంది. మూడోరోజు ఉసిరికాయంత ముడుచుకుపోయి, నోట్లోంచి గోధుమరంగు తీగల్లాంటివి వదిలింది. పాప ఏడుపు ఆపుకుంటూ నా ముఖం చూస్తోంది. ఫోటో తీసి షాపు నంబరుకి మెసేజ్ పెట్టాను. పావుగంటలో జవాబు: నోరు తెరుచుకుని వేలాడుతోందా, వాసన వస్తోందా, అమ్మోనియా ఎంత? నోరు మూసే ఉంది, వాసన లేదు, అమ్మోనియా సున్నా. అయితే ముట్టుకోవద్దు, వ్యర్థాలు బయటికి పంపుతోంది, తనకి నచ్చిన చోటు అదే వెతుక్కుంటుంది అన్నారు. ఆ వారంలో నాలుగుసార్లు మెసేజ్ పెట్టాను. నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పారు. ఎనిమిదోరోజు ఉదయం అది ఎడమవైపు రాతి అంచు మీద, పార్ మీటర్లో 220 వచ్చిన చోటికి చేరి, అరచేయంత విప్పారి ఉంది. నాన్న నోటుబుక్కులో తేదీ రాసి కింద గీత గీశారు.

ఆ నడిచే రోజుల్లో దాన్ని కాపాడింది వేవ్‌మేకర్‌కి తొడిగే స్పాంజి తొడుగు. 12 డాలర్లకి వాళ్ళే ఇచ్చారు. తొడుగు లేకపోతే మోటారు లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలతో ట్యాంకు మొత్తం పాడవుతుంది. ఐదోరోజు రాత్రి టార్చి వేసి చూస్తే ఆ స్పాంజికి రెండంగుళాల దూరంలోనే ఉంది. స్పాంజి మూడు నాలుగు రోజులకోసారి కడగాలి, లేకపోతే నీటి ప్రవాహం బాగా తగ్గిపోతుంది. మా హీటర్ ట్యాంకు కింద సంపులో (నీళ్ళు తిరిగే వేరే తొట్టిలో) ఉంది కాబట్టి కాలే భయం లేదు. ట్యాంకులోనే హీటర్ ఉన్నవాళ్ళు దానికీ తొడుగు అడగండి.

లోపాలూ చెప్పాలి. చేతికిచ్చే కాగితంలో మూడోరోజు నుంచి తిండి పెట్టొచ్చని ఉంది. నోటితో చెప్పింది మాత్రం వారం ఆగమని. నేను కాగితం చూసి నాలుగోరోజు పెడితే పట్టుకుని, గంటలో ఉమ్మేసింది. అదే కాగితంలో క్లౌన్ ఫిష్ వెంటనే చేరుతుందని రాశారు. మా దగ్గరున్న ఒసెలారిస్ రకం సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండదు, దాని సొంత అనెమోనీలు వేరే. ట్యాంకుల్లో చాలావరకు అలవాటుపడతాయి కానీ టైము పడుతుంది. మా పెద్దది, అంటే ఆడది, ఇరవైమూడో రోజున ముందు తోక ఆనించి, తరవాత ఒళ్ళంతా రుద్దుకుంటూ లోపలికి వెళ్ళింది. చిన్నది ఇంకో నాలుగు రోజులకి. ఆ కాగితం మార్చమని చెప్పాను, ఇంకా పాతదే ఇస్తున్నారు. ఇంకొకటి, అది పక్క పగడాల్ని కుడుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా హామర్ కోరల్ ఒకవైపు కాలినట్టయ్యాక దూరం జరిపాను. చుట్టూ కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంచుకోండి. శనివారం మధ్యాహ్నం వెళ్తే నలభై నిమిషాలు నిలబడాలి. సోమవారం సెలవు.

నీళ్ళ గురించి ఒక మాట. మా వైపు కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, మార్చిలో కొన్ని వారాలు దాన్ని ఆపి క్లోరిన్ ఒక్కటే వాడతారు. ఏ నెలైనా ఆర్వో డీఐ నీళ్ళే, అంటే పూర్తిగా వడకట్టి శుద్ధిచేసినవే, వాడండి. ఈ షాపులో గ్యాలన్ల లెక్కన అమ్ముతారు, నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి సున్నా చూపించాకే నింపుతారు.

పోయిన నెల మా అనెమోనీ చీలి రెండయింది. పొద్దున చూసేసరికి మధ్యలో సాగి ఉంది, రాత్రికి విడిపోయింది. రెండోది కుడివైపు చిన్న రాయి మీద స్థిరపడింది, వారానికి ఒకసారి రొయ్య ముక్క తింటోంది. మా ట్యాంకుకి ఒక్కటి చాలు. షాపులో అడిగితే, రాయితో సహా తెస్తే 45 డాలర్ల క్రెడిట్ ఇస్తామన్నారు. వచ్చే బుధవారం, రద్దీ లేని టైములో, కూలర్లో పెట్టుకుని తీసుకెళ్తున్నాను. ఆ డబ్బుతో 35 పీపీటీ ద్రావణం రెండు సీసాలు తీసుకుంటాను. ఒకటి మాకు, ఒకటి నాన్న చెరువు దగ్గరి మీటర్‌కి.