మిలిటరీ కుర్రాడి మనసు తెలుసుకోవాలంటే: ప్రశ్నల ఫారమా, ఎదురుగా కూర్చుని మాటా?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఇంటికో మిలిటరీ మనిషి ఉంటాడంటారు. మా కాలవగట్టు ఊళ్లలోనూ తక్కువేం లేరు. సెలవుకొచ్చిన కుర్రాడు ముభావంగా ఉంటే ఇంట్లోవాళ్లకి ఒకటే గుబులు: ప్రాణం తీసుకునే ఆలోచన ఏమైనా ఉందా?

ఖర్చు: రెండిటికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 ఫారంలో 9 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. ఐదు నిమిషాల పని. మాటకైతే ఓ సాయంత్రం కావాలి, రేవు మెట్ల మీద, ఫోన్లు ఇంట్లో వదిలేసి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. ఆర్మీ మెడికల్ కేటగిరీ ‘షేప్’లో మొదటి అక్షరం ఎస్, మానసిక స్థితిదే. ఆ గ్రేడు దిగితే ప్రమోషన్ పోతుందేమోనని, చావు ఆలోచనల గురించి అడిగే 9వ ప్రశ్నకి ‘అస్సలు లేదు’ అని టిక్కు పెట్టేసేవాళ్లుంటారు. సున్నా వచ్చిందని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. మాటలోనైతే "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. కాకపోతే మీరు "ఛ, అవేం మాటలు" అన్నారో, వాడు మళ్లీ నోరు విప్పడు.

ఎవరికేది: యూనిట్లో వందమందిని చూడాలంటే ముందు ఫారమే. ఇంట్లో ఒక్కడు అన్నం కెలికి వదిలేసి, ఇష్టపడి కొనుక్కున్న వాచీ తమ్ముడి చేతికి కట్టేస్తే మాత్రం మాటే, ఆ రోజే. ‘అవును’ అన్నాడా, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు. సైన్యంవాళ్ల కోసం పూణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో 2023 డిసెంబరులో దీని ప్రత్యేక విభాగమూ పెట్టారు.