తలుపు కొట్టి ‘ఆర్గానిక్ స్ప్రింగ్ ప్యాకేజీ’ అమ్మేవాళ్లతో జాగ్రత్త (ఒహాయోలోని కొలంబస్ చుట్టుపక్కల మనవాళ్ల కోసం)

మంచు కరిగిందంటే చాలు, డబ్లిన్, పావెల్, లూయిస్ సెంటర్ వైపు కాలనీల్లో లాన్ సంరక్షణ ప్యాకేజీలు అమ్ముతూ, టాబ్లెట్ పట్టుకుని తలుపులు కొట్టేవాళ్లు దిగుతారు. "అంతా ఆర్గానిక్ అండీ, కెమికల్ చుక్క ఉండదు, పిల్లలు ఆ నిమిషమే గడ్డిలో ఆడుకోవచ్చు, ఈ ఏడాది క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలిచే ప్రసక్తే లేదు" అంటారు. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఇట్టే పనిచేస్తుంది. మేం ఈ స్ప్రింగ్‌లో నాలుగు వందల డాలర్ల పైచిలుకు కట్టి అలాంటి ప్యాకేజీ తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ పద్ధతిలో అమ్మేది వాళ్లొక్కరే కాదు కాబట్టి, పేరు కంటే వాళ్ల పనితీరు తెలియడమే మీకు ఉపయోగం.

వాళ్లు చల్లుతామని చెప్పింది కార్న్ గ్లూటెన్ మీల్, అంటే మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీశాక మిగిలే ప్రోటీన్ పదార్థం. ఇది బూటకం కాదు. 1980ల్లో అయోవా స్టేట్ యూనివర్సిటీలో నిక్ క్రిస్టియన్స్ అనే ప్రొఫెసర్ వేరే పరీక్షలో మొక్కజొన్న పిండి వాడుతుంటే, అది వేసినచోట గడ్డి విత్తనం సరిగ్గా నిలవలేదు. ఆ దారిన వెతుక్కుంటూ వెళ్లి గ్లూటెన్ మీల్ దగ్గర తేలారు. 1991లో పేటెంట్ వచ్చింది. మొలకెత్తే విత్తనాన్ని వేరు వేయనివ్వదు, అంతవరకే దాని పని. అప్పటికే నేలలో పాతుకుపోయిన పసుపు పూల కలుపు మొక్క డాండెలియన్‌ని ఏమీ చేయదు. పైగా అందులో పదో వంతు దాకా నత్రజని ఉంటుంది కనుక దానికి విందు భోజనం పెట్టినట్టే.

మా ఇంటికి వాళ్లు వచ్చింది ఏప్రిల్ చివర్లో. అప్పటికి వీధిలో ఫోర్సిథియా పొదల పసుపు పూలన్నీ రాలిపోయి ఆకులొచ్చేశాయి. క్రాబ్‌గ్రాస్ విత్తనం నేల వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కొన్నాళ్లు నిలబడితే మొలకెత్తడం మొదలుపెడుతుంది. ఫోర్సిథియా పూత ముగిసేలోపే చల్లాలని ఇక్కడి తోటమాలులు చెప్పేది అందుకే. డ్రైవ్‌వే అంచు ఇంకా త్వరగా వేడెక్కుతుంది, కలుపు ముందు అక్కడే లేస్తుంది. మొలకలు వచ్చాక ఎంత చల్లినా అది ఎరువు కిందే లెక్క.

ఇక మోతాదు. వెయ్యి చదరపు అడుగులకు 20 పౌండ్లు పడాలి. మా లాన్ దగ్గర దగ్గర ఆరు వేల అడుగులు, అంటే 120 పౌండ్లు. దించింది 50 పౌండ్ల బస్తా ఒక్కటే. పావుగంటలో చల్లేసి, అదే చేత్తో బోసిగా ఉన్నచోట్ల కొత్త గడ్డి విత్తనం కూడా వేశారు. దానికి వేరే చార్జీ! విత్తనాన్ని వేరు వేయనివ్వని సరుకు, దాని మీదే కొత్త విత్తనం. ఆ సరుకు నిజంగా పనిచేస్తే విత్తనం డబ్బు దండగ, విత్తనం మొలిస్తే సరుకు డబ్బు దండగ. మా దగ్గర విత్తనం చక్కగా మొలిచింది. ఎందుకు మొలిచిందో గరాజ్ పక్కన వదిలేసిపోయిన ఖాళీ సంచి చెప్పింది. దాని మీద క్రూడ్ ప్రోటీన్ 21 శాతం అని ఉంది. అది గ్లూటెన్ మీల్ కాదు, గ్లూటెన్ ఫీడ్, పశువుల దాణా! మీల్‌లో ప్రోటీన్ 60 శాతం ఉంటుంది, రంగు పసుపు. ఫీడ్ గోధుమ రంగులో ఉంటుంది, ధర బాగా తక్కువ. కలుపును ఆపే గుణం ఆ ప్రోటీన్‌లోంచే వస్తుంది కనుక దాణా చల్లితే జరిగేదేమీ లేదు.

రెండో విడత ఇంకా ఘోరం. "నేచురల్ స్ప్రే, వెనిగర్ లాంటిదే" అని కొట్టి వెళ్లారు. గాఢ వెనిగర్ కొడితే ఆకు గంటల్లో మాడిపోతుంది, పక్కనున్న మంచి గడ్డి కూడా మాడుతుంది. ఐరన్ రకం మందైతే డాండెలియన్ ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. మా దగ్గర రెండూ జరగలేదు. గడ్డి పచ్చగానే ఉంది, డాండెలియన్ కాడలు మాత్రం మెలికలు తిరిగి వంకర్లు పోయాయి. ఆ మెలికలు 2,4-డి జాతి రసాయన కలుపు మందుల గుర్తు. మందు పేరు, లేబుల్ ఫొటో పంపమని మెసేజ్ పెడితే "మా సొంత ఫార్ములా" అన్నారు. పిల్లల్ని అదే రోజు గడ్డిలోకి వదలొచ్చని నమ్మించి అమ్మిన ప్యాకేజీ ఇది. నాకు అన్నిటికంటే మంటెక్కింది ఇక్కడే. ఒహాయోలో డబ్బు తీసుకుని కలుపు మందు కొట్టేవాళ్లకు రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్స్ ఉండాలి, కొట్టాక లాన్‌లో చిన్న బోర్డు గుచ్చాలి. వాళ్లు గుచ్చలేదు.

కాబట్టి ఎవరైనా వస్తే సంతకానికి ముందే లైసెన్స్ నంబరు, వాడే ప్రతి సరుకు పేరు, వెయ్యి అడుగులకు ఎన్ని పౌండ్లు, ఏ వారంలో చల్లుతారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. సంచి మీద ఓమ్రి (ఆర్గానిక్ సాగుకు పనికొచ్చే సరుకులను పరిశీలించే సంస్థ) ముద్ర ఉందేమో చూడండి. ‘ఆర్గానిక్’ అన్న మాట ఒక్కటే ఉంటే సంబరపడకండి, ఎరువుల సంచుల మీద ఆ మాటను నానా అర్థాల్లో వాడేస్తారు. స్ప్రింగ్‌లో విత్తనం, కలుపు ఆపే మందు రెండూ కలిపి అమ్ముతున్నారంటే అక్కడే తలుపేసుకోండి.

అసలైన మీల్‌ని సరైన సమయంలో, సరైన మోతాదులో చల్లినా మొదటి ఏడాదే అద్భుతాలు జరగవు. చల్లాక నీళ్లు పెట్టాలి, మొలకలొచ్చే వేళకు నేల కాస్త ఆరాలి. తడిగానే ఉంటే మొలక తేరుకుని మళ్లీ వేరు వేస్తుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరీక్షల్లోనైతే ఇది కలుపును ఆపనే లేదు. నన్నడిగితే, ఆ డబ్బుతో మంచి టాల్ ఫెస్క్యూ రకం గడ్డి విత్తనం కొని ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపు చల్లుకోవడం మేలు. గడ్డిని మూడున్నర, నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచండి. నీడ పడితే క్రాబ్‌గ్రాస్ విత్తనం అంత తేలిగ్గా లేవదు. డాండెలియన్‌ని వాన పడ్డ మర్నాడు పొడవాటి పనిముట్టుతో తల్లివేరుతో సహా లాగేయండి, వేరు ముక్క మిగిలితే మళ్లీ వస్తుంది. గోంగూర, టమాటా మళ్లలో అట్టపెట్టెలు పరిచి, పైన రెండు మూడు అంగుళాల మల్చ్ వేస్తే చాలు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లకు: ఇంటికొచ్చి 25 డాలర్లకు గానీ అంతకు మించి గానీ అమ్మితే, మూడో పనిదినం అర్ధరాత్రిలోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన కిందే ఉంది. ఫోన్లో చెప్పి వదిలేయకండి, రాతపూర్వకంగా పంపండి. మాకు గడువు దాటిపోయింది కనుక సంచి ఫొటోలు, మెసేజ్‌లు జతచేసి ఒహాయో అటార్నీ జనరల్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. ఆ తర్వాత విత్తనం డబ్బు వెనక్కిచ్చారు, మిగతాది ఇంకా నలుగుతోంది. కాంట్రాక్టు చివర్లో సన్న అక్షరాల్లో ఆటో రెన్యువల్ కూడా ఉంటుంది. కార్డు నంబరు వాళ్ల దగ్గరుంటే వచ్చే ఏడాది కూడా గుంజేస్తారు, ఇప్పుడే తీసేయించండి.