యానాం ‘లూయీ’ కుర్చీ: పువ్వు బాగుంది, కాలు కుదరలేదు

యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలోని ఒక దుకాణంలో ఫ్రాన్సు రాజు ‘పదిహేనో లూయీ’ పేరుతో టేకు చేతుల కుర్చీలు చేసిస్తున్నారు. పాతవని చెప్పి అంటగట్టరు, కొత్తవేనని ముందే చెబుతారు. వీపు పట్టె మధ్యలో గులాబీలు, చుట్టూ ఆకులు. అచ్చంగా చేతిపని. ఉలి పూరేకు అడుగుకి దూరింది కాబట్టి నీడ పడి పువ్వు లేచి కనిపిస్తుంది. కంప్యూటరు నడిపే మామూలు సి.ఎన్.సి. మెషీన్ ములుకు పైనుంచి నిలువుగా దిగుతుందే తప్ప రేకు కిందికి పోలేదు. వేలుపెట్టి తడిమితే తేడా తెలుస్తుంది.

పేచీ అంతా నమూనాతోనే. పదిహేనో లూయీ (పాలన 1715–1774) కుర్చీకి కాళ్లు వంపు తిరగాలి, గవ్వలూ ఆకులూ మెలికలు పోవాలి. ఇక్కడేమో కాళ్లు నిటారుగా, నిలువు గాడులతో, పైన చదరపు దిమ్మకి గుండ్రటి పువ్వుతో ఉన్నాయి. అవి పదహారో లూయీ (1774–1792) నాటి పోకడ. రిబ్బను ముడి, పూలదండ ఈ రెండోదానికే నప్పుతాయి. ఆర్డరిచ్చేటప్పుడే ఏదో ఒకటి తేల్చి చెప్పండి, మేస్త్రి చేయగలరు.

పువ్వుకి అర్థం కూడా చూసుకోవాలి. గులాబీ వీనస్ దేవతది, ప్రేమకు గుర్తు. లారెల్ ఆకు గెలుపుకి. మూడు రేకుల లిల్లీ ఫ్రెంచి రాజుల చిహ్నం. ఫ్రెంచి విప్లవంలో దాన్ని చాలాచోట్ల చెక్కి తీసేశారు, తర్వాత నెపోలియన్ తేనెటీగను తన గుర్తుగా పెట్టుకున్నాడు. దుకాణం కేటలాగులో గసగసాల కాయను భోజనాల కుర్చీకి వేశారు. అది నిద్రకు గుర్తు. మంచం తలపట్టెకు అడగండి, అద్భుతంగా ఉంటుంది.

పాలిష్ దగ్గరే మంచి పనంతా చెడుతోంది. దట్టంగా పూయడంతో రేకుల సందులు పూడుకుపోయాయి. పల్చగా, ఆరనిచ్చి ఆరనిచ్చి వేయమనండి. లక్క పాలిష్ అయితే వానాకాలంలో వద్దు: స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పూత తెల్లబారుతుంది. మన లంకల గాలికి మాఘ ఫాల్గుణాలు మేలు.

డబ్బు కట్టేముందు కుర్చీని తిరగేయండి. చేవ లేని తెల్ల చెక్క కనిపిస్తే వద్దనండి, పురుగు ముందు దాన్నే పడుతుంది. కాళ్లు ఒట్టి స్క్రూలతో ఉంటే ఏటేటా చెక్క ఉబ్బి కుంగి వదులవుతాయి. చట్రంలోకి తొలిచి దించిన అతుకే కావాలి. బంగారు రంగు అడగకండి. అందులోది ఇత్తడి పొడి, ఉప్పుగాలికి నల్లబడుతుంది.