బి.ఎస్.ఏ. ఎనామిల్ బోర్డు: పూతకి మంచి మార్కులు, చరిత్రకి సున్నా

పాత మోటార్ సైకిల్ కంపెనీల ప్రకటన బోర్డులకి కొత్త నకళ్ళు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటిలో బి.ఎస్.ఏ. బోర్డు ఒకటి ఈ సమీక్షకి తీసుకున్నది. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. ముదురాకుపచ్చ మీద మీగడ రంగు అక్షరాలు, నడుమ కంపెనీ గుర్తయిన మూడు తుపాకులు, కింద ఎర్ర నక్షత్రం పక్కన ఆ కంపెనీ బండి ‘గోల్డ్ స్టార్’ పేరు, మూలన ‘1925’. అమ్మేవాళ్ళు దీన్ని ‘పాతకాలపు శైలి’ అన్నారే తప్ప పాతదని చెప్పలేదు. ఆ మేరకు నిజాయితీగానే ఉన్నారు. పూత పని నిజంగా బాగుంది. రాతలో మాత్రం పెద్ద తప్పుంది. దాంతోపాటు ఇచ్చిన మేకులు, స్క్రూలు వాడకపోవడమే మంచిది.

ముందు పూత సంగతి. ఎనామిల్ అంటే పెయింట్ కాదు, గాజు. మెత్తగా నూరిన గాజులో బంకమట్టి, నీళ్ళు కలిపి ఇనుప రేకు మీద పూస్తారు. ఆరాక 800 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో కొద్ది నిమిషాలు కాలుస్తారు. మొదటి పూత పని ఇనుముని గట్టిగా పట్టుకోవడం. అందుకోసం అందులో కోబాల్ట్ ఆక్సైడ్ కలుపుతారు, ముదురు నీలమో నలుపో అయిన ఆ రంగు దానివల్లే వస్తుంది. దాని మీద ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్, ఒక్కో కాల్పు. ఈ బోర్డులో అడుగు పూత కాక ఆకుపచ్చ, మీగడ, నలుపు, ఎరుపు ఉన్నాయి. విడివిడిగా కాలిస్తే ఐదుసార్లు కొలిమిలోకి వెళ్ళాలి. అక్షరం అంచు మీద గోరు నడిపితే చిన్న మెట్టు తగులుతోంది, కాబట్టి ఇది ప్రింటు కాదు. ఎరుపు అన్నిటికన్నా పెంకి రంగు. కొలిమి వేడి కాస్త ఎక్కువైతే మాడి గోధుమ రంగుకి తిరుగుతుంది, అందుకే దాన్ని చివర్న కాలుస్తారు. ఈ బోర్డులో నక్షత్రం ఐదు కొనల్లోనూ ఒకే ఎరుపు ఉంది. కాల్చినవాళ్ళకి చెయ్యి తిరిగిందనడానికి అదే రుజువు.

బరువు కూడా చూడాలి. ఈ కొలతకి 1.5 మి.మీ. రేకు వాడితే ఇనుమే మూడు కిలోలు దాటుతుంది, పూత బరువు దానికి అదనం. 0.3 మి.మీ. తగరపు రేకు (తగరం పూసిన పలచటి ఇనుప రేకు) మీద ప్రింటు కొట్టిన నకలైతే 600, 700 గ్రాములకి మించదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా బరువెంతో అడగండి. ఆ ఒక్క అంకె చాలా సంగతులు చెప్పేస్తుంది. అయస్కాంతం మీద మాత్రం ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. అల్యూమినియం రేకుని అది పట్టిస్తుంది కానీ, తగరపు రేకుకీ అసలు ఎనామిల్‌కీ ఒకేలా అంటుకుంటుంది.

తర్వాత బోర్డుని వెనక్కి తిప్పండి. గాజు, ఇనుము చల్లారేటప్పుడు ఒకేలా ముడుచుకోవు. ఒక్క వైపే పూస్తే రేకు వంగిపోతుంది కాబట్టి వెనక కూడా అడుగు పూత వేస్తారు. వెనక వట్టి ఇనుమో, నల్ల స్ప్రే పెయింటో కనిపిస్తే అక్కడితో ఆగిపోవచ్చు. స్క్రూ రంధ్రాలు పూతకి ముందే కొడతారు గనక గాజు రంధ్రం అంచు లోపలికి కూడా దిగి ఉండాలి. ఈ బోర్డులో నాలుగు మూలలూ అలాగే ఉన్నాయి. రంధ్రం చుట్టూ తాజా ఇనుము మెరుస్తుంటే పూత అయ్యాక డ్రిల్ చేశారన్నమాట.

అసలు పాత బోర్డని ఎవరైనా చెబితే దెబ్బలు తగిలిన చోట్లు చూడాలి. ఎనామిల్ గాజులాగే పగులుతుంది. పెచ్చు ఊడిన చోట అంచు గవ్వ ఆకారంలో ఉండి, పై రంగు కింద నల్లటి అడుగు పూత, దాని కింద తుప్పు వరసగా కనిపిస్తాయి. దెబ్బలు ఎక్కువగా స్క్రూల చుట్టూ, మూలల్లో ఉంటాయి, ఎందుకంటే బిగింపు, తాకిడి పడేది అక్కడే. బోర్డంతా సమంగా చల్లినట్టు మచ్చలుండి, రాతకి మాత్రం ఎక్కడా దెబ్బ తగలకపోతే ఆ పాతదనం చేత్తో చేసిందే. తుప్పు మీద రంగు దిద్దిన కేసులూ ఉన్నాయి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెడితే కుంచె గీతలు బయటపడతాయి.

ఇక చరిత్ర. రాత తప్పని తేలేది ఇక్కడే. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. ఇంగ్లండులో 1861లో 14 మంది తుపాకుల తయారీదార్లు కలిసి పెట్టిన కంపెనీ ఇది. లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్‌లో ఉన్న ప్రభుత్వ కర్మాగారంలో యంత్రాలతో తుపాకులు చెయ్యడం మొదలయ్యాక చేతిపని నిలబడదని తెలిసి, బర్మింగ్‌హామ్ నగరంలోని స్మాల్ హీత్‌లో వాళ్ళూ యంత్రాలు దించారు. చిక్కల్లా ఏమిటంటే యుద్ధం ఉంటే చేతి నిండా పని, లేకపోతే షెడ్డు ఖాళీ. ఆ ఖాళీని నింపడానికే 1880లో సైకిళ్ళ వైపు తిరిగారు, సొంత మోటార్ సైకిల్‌ని 1910 ప్రదర్శనలో పెట్టారు. తుపాకీ భాగాలు ఒకదాని చోట ఇంకొకటి సరిగ్గా కూర్చునేలా తొలిచిన అనుభవమే ఇంజన్లకీ పనికొచ్చింది. అందుకే బండి టాంకు మీద కూడా తుపాకుల గుర్తు ఉండేది, అది అలంకారం కోసం పెట్టుకున్నది కాదు. అదే నగరంలో సెలీ ఓక్‌లో 1889 నుంచి ప్రకటన బోర్డుల కోసమే కట్టిన ఎనామిల్ కర్మాగారం నడిచింది. బళ్ళూ, ఇలాంటి బోర్డులూ ఒకే ఊళ్ళో తయారైన కాలం అది.

‘గోల్డ్ స్టార్’ పేరు వచ్చిన తేదీ స్పష్టంగా తెలుసు. 1937 జూన్ 30న ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ మీద రేసర్ వాల్ హాండ్లీ బి.ఎస్.ఏ. వారి 500 సీసీ ఎంపైర్ స్టార్ నడిపి గంటకి 100 మైళ్ళు దాటిన చుట్టు వేశాడు. అలా వేసినవాళ్ళకి అక్కడ బంగారు నక్షత్రం బాడ్జీ ఇచ్చేవారు. 1938 మోడల్‌కి పెట్టిన పేరు ఆ బాడ్జీదే. అలాంటప్పుడు 1925 బోర్డు మీద గోల్డ్ స్టార్ ఎలా ఉంటుంది? ఆ ఏడాదికి తగిన బండి కావాలంటే 1924లో వచ్చిన 249 సీసీ రౌండ్ టాంక్ ఉంది. బి.ఎస్.ఏ. వారి ఇంకో బండి బాంటమ్ పేరుతోనూ ఇలాంటి తప్పే జరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధ పరిహారం కింద దక్కిన జర్మన్ కంపెనీ డీకేడబ్ల్యూ వారి ఆర్‌టీ 125 బండి డిజైన్ నుంచి బాంటమ్ వచ్చింది 1948లో. యుద్ధానికి ముందటి తేదీతో బాంటమ్ బోర్డు కనిపిస్తే అది ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని అల్లిందే.

ఇంత మంచి పూత పని చేసేవాళ్ళు ఇంత తేలిగ్గా సరిచూసుకోగల తేదీని వదిలేయడం బాధ కలిగిస్తుంది. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబు దాడిలో అదే స్మాల్ హీత్‌లో 53 మంది పనివాళ్ళు చనిపోయారు. అయినా యుద్ధకాలమంతా కలిపి సైన్యానికి ఎం20 బళ్ళు లక్షా ఇరవై ఆరు వేలు అందించిన సంస్థ ఇది. 1951లో మరో మోటార్ సైకిల్ కంపెనీ ట్రయంఫ్‌ని కొనేంత ఎదిగి, 1973లో నార్టన్ విలియర్స్ ట్రయంఫ్ అనే కంపెనీలో కలిసిపోయింది. గోడ మీద ఆ పేరు పెట్టేటప్పుడు తేదీ సరిగ్గా ఉండాలని కోరుకోవడం అతి కాదు.

మన దగ్గర ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తెలుగు ఊళ్ళల్లో బి.ఎస్.ఏ. అనగానే గుర్తొచ్చేది సైకిలు. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ ఆ పేరుని ఇంటింటికీ చేర్చింది. కాబట్టి పాత సైకిల్ షాపు నుంచి వచ్చిన బోర్డుని మోటార్ సైకిల్ బోర్డు ధరకి కొనకండి. ‘సైకిల్స్’ అనుందో ‘మోటార్ సైకిల్స్’ అనుందో చదవండి, అడుగున మద్రాసు పేరుందేమో వెతకండి. సైకిల్ బోర్డుకీ తన విలువ తనకుంది, కానీ ఆ లెక్క వేరు. 2024 ఆగస్టు 15న మోటార్ సైకిల్ కంపెనీ క్లాసిక్ లెజెండ్స్ వాళ్ళు గోల్డ్ స్టార్ 650 అనే కొత్త బండిని ఇక్కడ విడుదల చేశారు. పాత గోల్డ్ స్టార్ పేరుతో బోర్డులు కొనేవాళ్ళు ఈ తేడాల మీద మరింత కన్నేసి ఉంచాలి.

బిగింపు విషయానికొస్తే, బోర్డుతో వచ్చిన ఇనుప స్క్రూల తలలు రంధ్రాలకి సరిపోవు, వాషర్లు అసలు లేవు. ఇనుప తల నేరుగా గాజు మీద బిగిస్తే చివరి అర తిప్పుకే పెచ్చు లేచిపోతుంది. ఇత్తడి స్క్రూలు నాలుగు, రబ్బరు లేదా ఫైబర్ వాషర్లు ఎనిమిది కొనుక్కోండి, ప్రతి స్క్రూకీ ముందొకటి వెనకొకటి వేయాలి. గోడకి డ్రిల్ చేసేటప్పుడు బోర్డుని అడ్డు పెట్టి కొలవకండి, కాగితం మీద రంధ్రాలు గుర్తు పెట్టుకుని కాగితాన్నే గోడకి అంటించండి. స్క్రూలు చేత్తోనే తిప్పండి, బోర్డు కదలకుండా నిలిస్తే చాలు. గోడ ఎత్తుపల్లాలుగా ఉంటే నాలుగో స్క్రూ బిగించినప్పుడు రేకు మెలితిరిగి నడుమ సన్నగా చిట్లుతుంది. లోతుగా ఉన్న మూల వెనక ఇంకో వాషర్ చేర్చండి.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి, పెచ్చు ఊడిన చోట తుప్పు పూత కిందకి పాకి ఇంకాస్త గాజుని పైకి లేపుతుంది. సబ్బు నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాక ఆ మచ్చల మీద మైనం పాలిష్ పలచగా రుద్దండి. బాత్రూం కడిగే ఆసిడ్ తగిలితే మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. ఇనుప పీచుతో తోమితే గీతలు పడతాయి. అసలు పాత బోర్డయితే ఊడిన చోట పెయింట్ దిద్దకండి, దిద్దితే కొనేవాడు మిగతా బోర్డుని కూడా అనుమానిస్తాడు.

తేదీ పట్టించుకోనివాళ్ళు ఈ బోర్డుని మంచి ఎనామిల్ పనిగా కొనుక్కోవచ్చు. పట్టించుకునేవాళ్ళు అదే తయారీదారుని ‘1925’ తీసేసి ఇమ్మని అడగండి. స్టెన్సిల్‌లో ఆ అంకె భాగాన్ని మూసేస్తే సరిపోతుంది కాబట్టి అది లేకుండా కాల్చడం వాళ్ళకి కష్టమైన పని కాదు.